పక్క సీటు బ్రేకు

మార్చి 3, సోమవారం

నిద్ర పట్టడం లేదని వెళ్తే డాక్టరు పుస్తకం కొనుక్కోమన్నాడు. రోజూ ఎంతో కొంత రాయాలట, ఎవరికీ చూపించక్కర్లేదట. పదహారేళ్లుగా నా రాతంతా డ్రైవింగ్ స్కూలు కార్డుల మీదే. "క్లచ్ వదలడంలో తొందర", "అద్దం చూడటం లేదు", "హారన్ మీద ఉన్న శ్రద్ధ స్టీరింగు మీద లేదు". నా గురించి నేను రాసుకోవడం ఇదే మొదలు.

జరిగింది ముందే రాసేస్తే పీడా వదులుతుంది. నవంబరు రెండో తారీకు, సాయంత్రం నాలుగున్నర క్లాసు. టైలరమ్మ నడుపుతోంది, నేను పక్క సీటులో ఉన్నాను. వంతెన దిగి మలుపు తిరిగే చోట బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కేసింది. నేర్పే కార్లలో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేను దాన్ని నొక్కాను. పట్టలేదు. ఆగి ఉన్న లారీ కిందికి దూరిపోయాం. నాకు భుజం విరిగింది. ఆమె తొమ్మిదో రోజు పోయింది.

బ్రేకు నొక్కాను, పట్టలేదు. పోలీసులకు ఇదే చెప్పాను, ఓనరుకు ఇదే చెప్పాను, మా ఆవిడకూ ఇదే చెప్పాను.

మార్చి 4, మంగళవారం

నిద్ర లేదు. రాయడానికీ ఏమీ లేదు.

మార్చి 5, బుధవారం

హాఫ్ క్లచ్ వచ్చి వెళ్లాడు. మా స్కూల్లో అందరికన్నా పాతవాడు, నాకు ఈ పని నేర్పింది కూడా ఆయనే. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చెవిలో జోరీగలా "హాఫ్ క్లచ్, హాఫ్ క్లచ్" అంటూనే ఉంటాడు కాబట్టి పేరు అదే అయిపోయింది. ఇంట్లో వాళ్లావిడ కూడా అలాగే పిలుస్తుందని మా అనుమానం.

కబురు మంచిది కాదు. కారు తనిఖీ రిపోర్టు వచ్చింది. పక్క సీటు బ్రేకును అసలు బ్రేకుతో కలిపే రాడ్డుకు ఒక నట్టు లేదట. గుద్దుకున్నప్పుడు ఊడిందో, అంతకు ముందే లేదో చెప్పలేం అని రాశారట. ఆ చెప్పలేం అన్న ముక్క మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. మెకానిక్ చెవికి అసలే ఎక్కలేదు. ప్రమాదం జరిగిన వారమే ఆ కారు సర్వీసు చేసింది అతను. బ్రేకు పట్టలేదన్న నా మాట విన్న రోజు నుంచే, నట్టు బిగించడం మరిచిపోయాను, నేనే చంపాను అని నాలుగు నెలలుగా తల బాదుకుంటున్నాడు. ఇప్పుడు సోమవారం స్టేషన్‌కు వెళ్లి అదే మాట కాగితం మీద పెట్టి సంతకం చేస్తానని కూర్చున్నాడట. చేస్తే షెడ్డు మూతపడుతుంది, జైలు కూడా పడొచ్చని హాఫ్ క్లచ్ అన్నాడు.

"వాడు తిండి మానేశాడు, నువ్వు నిద్ర మానేశావు. ఇద్దర్నీ ఒక కార్లో పడేసి నాలుగు రోజులు తిప్పితే ఒక్కడైనా బాగుపడతాడు" అన్నాడు. కొండ మీది సరస్సు దాకా వెళ్లొద్దామట. అక్క కూడా వస్తుందట. అక్కంటే మా స్కూల్లో నేర్పే ఒకే ఒక్క ఆడమనిషి. అరవై దాటిన ఓనరు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

నేను రానన్నాను. నువ్వు వస్తేనే వస్తానని మెకానిక్ అన్నాడట. నేను ఇంకా ఏదో సాకు వెతుక్కుంటుండగానే మా ఆవిడ నా బట్టలు సంచిలో కుక్కేసింది.

నట్టు లేదని రిపోర్టులోనే ఉంది. అంటే నొక్కినా పట్టేది కాదు. అంటే నొక్కాను, పట్టలేదు.

మార్చి 6, గురువారం

ఓనరు ఇచ్చింది స్కూలు కారే. పైన ఎర్ర బోర్డు, వెనక "నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి" అని రాత. లోపల చూస్తే నెరిసిన తలలు. దాటిపోయే ప్రతివాడూ అద్దం దించి మమ్మల్ని చూసి నవ్వుకున్నాడు. ఒకడైతే "ఈ వయసులో ఎందుకు తాతా" అని హాఫ్ క్లచ్‌ను పలకరించి మరీ వెళ్లాడు.

నేర్పేవాళ్లు ముగ్గురు ఒకే కారెక్కితే నరకం అని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు. మాలో ఒక్కరికీ ఊరికే కూర్చోవడం రాదు. హాఫ్ క్లచ్ నడుపుతుంటే పక్క సీటులో అక్క ప్రతి మలుపుకీ తన వైపు బ్రేకు తొక్కింది. పెద్ద కూడలి మధ్యలో కారు ఆగిపోయింది. వెనక బస్సు, లారీ, ఒకటే హారన్లు. ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్నవాడికి బ్రేకులు వేసిపెడతావా అని ఆయన, అలవాటైన కాలు నేనేం చేయను అని ఆమె. చివరికి అక్క కాళ్లు సీటు మీదికి ముడుచుకుని ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. వెనక సీటు నుంచి మెకానిక్ ఒక్కసారిగా ముందుకు వంగి, "అక్కా, కాళ్లు కింద పెట్టు, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఎవరూ పోట్లాడుకోలేదు.

నేను వెనకే కూర్చున్నాను. భుజం ఇంకా లాగుతోందని చెప్పాను. లాగడం మానేసి నెల అయింది.

మెకానిక్ గంటకోసారి కారు ఆపిస్తున్నాడు. ఆగగానే దిగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు, కిందికి దూరి రాడ్డు లాగి చూస్తాడు, ఎక్కి కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంటాడు. ఆ చేతులు వణుకుతున్నాయి. ఒకప్పుడు కళ్లు మూసుకుని కార్బురేటరు విప్పి బిగించిన చేతులు. మూడోసారి ఆగినప్పుడు కాలిపోతున్న బ్రేకు డ్రమ్ము మీద వేళ్లు పెట్టి బొబ్బలెక్కించుకున్నాడు. అక్క తన నీళ్ల సీసా మొత్తం ఆ వేళ్ల మీద పోసింది.

ఆ హడావుడిలో దారి తప్పాం. హాఫ్ క్లచ్ నేనెరుగని రోడ్డా అని తిప్పాడు, రోడ్డు పోయి రాళ్ల క్వారీలో తేలింది. అక్కడి కాపలావాడు బోర్డు చూసి, నేర్చుకోవడానికి ఇంత దూరం వచ్చారా అన్నాడు. నాలుగు నెలల్లో మొదటిసారి మెకానిక్ నవ్వాడు. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. బాగుపడతాడు, వీడు తప్పకుండా బాగుపడతాడు, సోమవారం సంగతి వీడే మరిచిపోతాడు అనుకున్నాను.

లాడ్జిలో దిగాక హాఫ్ క్లచ్ మంచం మీద కూలబడి అక్క కళ్లద్దాల మీద కూర్చున్నాడు. రెండు అద్దాలూ పోయాయి. ఇంకో జత తేలేదట. రేపట్నుంచి ఆమె నడపలేదు.

మార్చి 7, శుక్రవారం, మధ్యాహ్నం

టీ కొట్టు దగ్గర ఆగాం. మిగతావాళ్లు లోపల ఉన్నారు. ఇది ఇప్పుడే రాయాలి.

పొద్దున బయల్దేరే ముందు మెకానిక్ వెనక చక్రం విప్పి బ్రేకు లైనింగు చూశాడు. మళ్లీ బిగించేటప్పుడు ఒక నట్టు లేదు. లాడ్జి వెనక అంతా గడ్డి. నలుగురం మోకాళ్ల మీద పాకుతూ గంటసేపు వెతికాం. కళ్లద్దాలు లేని అక్క ప్రతి గులకరాయినీ తీసి దొరికింది దొరికింది అంది. చివరికి ఆ నట్టు మెకానిక్ చొక్కా జేబులోనే దొరికింది. విప్పినప్పుడు పోతుందేమోనని తనే జేబులో వేసుకున్నాడు, వేసుకున్న సంగతి తనకే గుర్తు లేదు.

దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపి చూపించాడు.

"చూశావా అన్నా. ఆ రోజూ ఇలాగే అయ్యుంటుంది. జేబులో వేసుకుని ఇంటికెళ్లిపోయుంటాను. మా ఆవిడ చొక్కా ఉతికేసుంటుంది. అంతే అన్నా, ఇంకేం లేదు."

గడ్డిలో కూలబడి ఏడ్చాడు. నలభై నాలుగేళ్ల మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. భుజం తట్టాను. మరుపు ఎవరికైనా వస్తుంది, కావాలని చేశావా ఏంటి, ఊరుకో తమ్ముడూ అన్నాను.

ఆ మాటలు నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చాయో.  పైగా అన్నాక, ఎవరినో ఓదార్చిన తృప్తి కూడా కలిగింది. ఛీ.

మార్చి 7, సాయంత్రం

కొండ కింద టైరు పంచరైంది. స్టెప్నీ తీస్తే అందులోనూ గాలి లేదు. అదీ నా తప్పే అని మెకానిక్ అన్నాడు. ప్రపంచంలో ఎక్కడ ఏది ఊడినా తన తప్పే అనుకునే స్థితికి వచ్చాడు. హాఫ్ క్లచ్ ఒక ట్రాక్టరు ఎక్కి టైరు బాగు చేయించుకుని వచ్చేసరికి మూడు గంటలైంది. అప్పటిదాకా మేం ముగ్గురం బిస్కెట్లు తిని రోడ్డు చూస్తూ కూర్చున్నాం.

కొండ ఎక్కేటప్పుడు అక్కను ముందు కూర్చోనివ్వలేదు. కళ్లద్దాలు లేక చెట్టు నీడ కనిపించినా బ్రేకు వేస్తోంది. మెకానిక్ నా వైపు తిరిగి, "నువ్వు కూర్చో అన్నా. నీ కాలు అక్కడుంటే నాకు ధైర్యం" అన్నాడు.

 నాలుగు నెలల తర్వాత పక్క సీటులో కూర్చున్నాను. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కొత్త పెళ్లికొడుకులా ఉంది నా పని. మూడో మలుపులో గుబుర్లోంచి ఒక దూడ రోడ్డు మీదికి దూకింది. హాఫ్ క్లచ్ చూడలేదు. నేను చూశానో లేదో కూడా నాకు తెలియదు. కారు ఆగింది. కిందికి చూస్తే నా కాలు బ్రేకు మీద ఉంది, పెడల్ నేలకు అంటుకుని ఉంది. దూడ మమ్మల్ని తీరిగ్గా చూసి దాటిపోయింది.

"చూశావా, ఎలా పట్టిందో" అని వెనక నుంచి మెకానిక్ అన్నాడు. అది నా కాలును మెచ్చుకోవడం.

పైకి చేరాక హాఫ్ క్లచ్ నన్ను సరస్సు గట్టు మీదికి తీసుకెళ్లాడు. నీళ్లను చూస్తూ, నన్ను చూడకుండా అడిగాడు.

"ఆ రోజు కార్డు రాస్తూ ఉన్నావా ఏంట్రా?"

"లేదు గురూ."

"సరే. నేనడగలేదు, నువ్వు చెప్పలేదు."

అక్కడితో వదిలేశాడు. ఆయనకు అర్థమైంది. ఆయనకు మొదటి రోజే అర్థమై ఉంటుంది, ఎందుకంటే ఆ పని నాకు నేర్పింది ఆయనే.

ఇంక ఈ పుస్తకానికైనా చెప్పాలి. ఎవరూ చదవని పుస్తకంలో కూడా సోమవారం నాడు అబద్ధమే రాశాను.

నొక్కలేదు. నా కాలు అక్కడ లేదు.

మా స్కూల్లో ఒక క్లాసుకూ ఇంకో క్లాసుకూ మధ్య ఖాళీ ఉండదు. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కుతారు. ప్రతి క్లాసుకూ కార్డు మీద ఈ రోజు ఏం నేర్చుకున్నారో రాయాలి, రాయకపోతే ఓనరు ఊరుకోడు. అందుకని కారు నడుస్తుండగానే రాసేస్తాం. చెప్పు విడిచి, ఒక కాలు సీటు మీదికి మడుచుకుని, ఆ మోకాలే బల్లగా పెట్టుకుని రాస్తాం. నేనూ, హాఫ్ క్లచ్, అక్క, అందరం ఇంతే. మెకానిక్‌కు ఈ సంగతి తెలియదు. అతను షెడ్డు దాటి క్లాసులకు రాడు.

అందరి పక్కనా ఇలా చేయం. గాభరా మనుషుల పక్కన కాలు బ్రేకు మీద నుంచి వెంట్రుకంత కూడా కదపం. బాగా నడిపేవాళ్ల దగ్గరే కాలు మడుస్తాం. టైలరమ్మ బాగా నడిపేది.

ఆమె ఒక్క క్షణం పొరబడింది. ఆ ఒక్క క్షణం కోసమే పక్క సీటులో ఇంకో బ్రేకు పెట్టి, దాని ముందు జీతమిచ్చి ఒక మనిషిని కూర్చోబెడతారు. నేను తలెత్తేసరికి లారీ ఉంది. కాలు దించుకునే వ్యవధి లేదు.

ఆ కార్డు నా దగ్గరే ఉంది. కారులోంచి నన్ను లాగేలోపే లోపలి జేబులో కుక్కుకున్నాను, ఆసుపత్రిలో చొక్కా కత్తిరించేటప్పుడు తీసి దిండు కింద దాచాను. భుజం విరిగి, స్పృహ ఉండీ లేకుండా ఉన్న మనిషికి ఆ తెలివి మాత్రం ఉంది. అప్పటికి ఆమె బతికే ఉంది. పక్క వార్డులోనే ఉంది.

నట్టు ఉందో లేదో నాకు అనవసరం. ఉన్నా నేను నొక్కలేదు. ఈ నాలుగు నెలలూ ఆ నట్టును పట్టుకుని వేలాడాను, మెకానిక్‌ను దాని కింద పడుకోబెట్టి.

మార్చి 8, శనివారం

చెప్పాను.

తెల్లారగానే కిందికి దిగాను. గెస్ట్ హౌస్ ముందు కారు కింద అతని కాళ్లు కనబడుతున్నాయి. దిగుడు రోడ్డు కదా, బ్రేకులు మళ్లీ చూస్తున్నానని లోపల్నుంచే అన్నాడు. బయటికి రా తమ్ముడూ అంటే రెండు నిమిషాలు అన్నాడు. అతను బయటికి వస్తే అతని ముఖం చూడాల్సి వస్తుందని, గొంతుక్కూర్చుని ఆ కాళ్లకే చెప్పేశాను. కాలు మడుచుకుని కార్డు రాసుకుంటున్నాను, బ్రేకు నొక్కలేదు, నీ తప్పేమీ లేదు, సోమవారం నువ్వు సంతకం చేయొద్దు అన్నాను.

పానా తిప్పే చప్పుడు ఆగింది. జరిగి బయటికి వచ్చి నేల మీదే కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"నాకు తెలుసన్నా, నువ్విలాంటిదేదో చేస్తావని. మా ఆవిడతో కూడా అన్నాను, అన్న నన్ను జైలుకి పోనివ్వడు, తన మీద వేసుకుంటాడు అని. వద్దన్నా. నాకోసం అబద్ధం చెప్పకు."

ఒట్టేశాను. నమ్మలేదు. నా పిల్లల మీద ఒట్టేశాను. నా చేతులు పట్టుకుని ఇంత పుణ్యాత్ముడివేంటన్నా అన్నాడు. అబద్ధం చెప్పినప్పుడు ఒక్క మాటకే నమ్మినవాళ్లంతా నాకు గుర్తొచ్చారు. నిజం చెప్తుంటే ఈ ఒక్కడూ నమ్మడం లేదు. ఆ క్షణంలో కావాలనుకుంటే ఊరుకోవచ్చు. చెప్పిన పేరూ దక్కుతుంది, నమ్మలేదు కాబట్టి ఏ బాధా లేదు. ఇంత నీచమైన ఆలోచన కూడా నాకు వచ్చిందని రాసి పెట్టుకుంటున్నాను.

ఈ పుస్తకం అట్టలోంచి కార్డు తీసి ఇచ్చాను. అతను చేతులు గుడ్డతో తుడుచుకుని, మళ్లీ ప్యాంటుకు తుడుచుకుని, అప్పుడు అందుకున్నాడు. పంతొమ్మిదో క్లాసు గడిలో నా రాత ఉంది. "మలుపుల్లో భయం పో" అని ఉంది. ఆ తర్వాత పెన్ను గీత కిందికి జారి కార్డు అంచు దాటిపోయింది.

చాలాసేపు చదివాడు. రెండు మాటలు చదవడానికి అంతసేపు పట్టింది.

"ఎన్నాళ్లయిందన్నా?" అన్నాడు. ఎన్నాళ్లయిందో అతనికీ తెలుసు. నాలుగు నెలలు అన్నాను.

"నా చేతులు చూశావుగా. వణుకుతుంటే చూశావుగా."

"చూశాను."

"నిన్న పొద్దున నా భుజం తట్టావు."

 అతను కేకలేస్తాడని, కొడతాడని చూశాను. కొట్టి ఉంటే బాగుండేది. లేచి పానాలు ఒక్కొక్కటే తుడిచి, దేని గడిలో దాన్ని పెట్టి, పెట్టె మూశాడు. చేతులు వణకడం లేదు. అది చూసి నాకు సంతోషం వేయాలి. వేయలేదు.

అక్కా, హాఫ్ క్లచ్చూ మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. అక్క ఏడుస్తోంది. మెకానిక్ తాళాలు తీసుకెళ్లి హాఫ్ క్లచ్ చేతిలో పెట్టాడు.

"బ్రేకులు బాగానే ఉన్నాయి. రెండో గేరులో దిగండి" అన్నాడు.

పెట్టె పట్టుకుని బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లిపోయాడు. నేను వెనకాల కొంత దూరం వెళ్లాను. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

దారిలో హాఫ్ క్లచ్ ఒక్కసారే నోరు విప్పాడు. "కార్డులు రాయడం నీకు నేర్పింది నేనే అని కూడా చెప్పు, సోమవారం స్టేషన్‌లో" అన్నాడు. అక్క వెనక సీటులో కళ్లు మూసుకుని కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. రెండు కాళ్లూ కింద పెట్టుకుని ఊరొచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. తను నా సంచి విప్పి, బట్టలు నానబెట్టి, పిల్లల గదిలోకి వెళ్లి పడుకుంది.

మార్చి 10, సోమవారం

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇన్‌స్పెక్టరు పదకొండింటికి వస్తాడట. మెకానిక్ రాలేదు, అతను రావాల్సిన పని కూడా లేదు. ఫోన్ చేస్తే తియ్యడం లేదు.

నిన్న టైలరమ్మ ఇంటికి వెళ్లాను. పోలీసుల కన్నా ముందు ఆ ఇంట్లో చెప్పాలనిపించింది. ఆసుపత్రిలో ఒకసారి దూరం నుంచి ఆమె భర్తను చూడటమే, ఆ తర్వాత ఆ వీధి వైపు కూడా పోలేదు. ఆయన నీళ్ల ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. తలుపు తీసింది వాళ్లమ్మాయి, పదిహేనేళ్లుంటాయి. నేనెవరో చెప్పగానే ఆయన గబగబా లోపల్నుంచి వచ్చి, నన్ను కాకుండా నా వెనక మెట్లను చూశాడు.

"మెకానిక్‌గారేరి? పదింటికల్లా వచ్చేస్తారే. కలిసి వచ్చారనుకున్నాను."

నాకేమీ అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. ఆమె పోయాక మొదటి ఆదివారం మెకానిక్ వచ్చి మెట్ల మీద కూర్చున్నాడట. నట్టు బిగించనిది నేనే, మీరేం చేసినా పడతాను అన్నాడట. ఆయన నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి తలుపేసుకున్నాడు. మళ్లీ ఆదివారం వచ్చాడు. మళ్లీ తిట్టాడు. నాలుగో వారం అమ్మాయి మంచినీళ్లు ఇచ్చింది. తర్వాత ఫ్యాను బాగు చేశాడు, కుళాయి బాగు చేశాడు, తలుపు గొళ్లెం బిగించాడు. మొన్నటి ఆదివారానికి పదహారు వారాలు.

"మొదట్లో ఆ మొహం చూడబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు ఆయన రాకపోతే ఆదివారం గడవదు. లోపలికి రండి, కూర్చోండి" అన్నాడు.

ముందు గదిలో నేల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద ఆమె కుట్టు మిషను, మొత్తం విప్పేసి ఉంది. చక్రం ఒకచోట, సూది పట్టే కడ్డీ ఒకచోట, చిన్న చిన్న స్ప్రింగులు డబ్బా మూతల్లో. అమ్మ మిషను మీద తను కుట్టుకుంటానని అమ్మాయి అడిగిందట. వాళ్లమ్మ పోయాక ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయింది. మెకానిక్ రెండు వారాలుగా ఒక్కో ముక్కా తుడిచి నూనె పెడుతున్నాడు. ఈ ఆదివారం బిగిస్తానన్నాడట.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. కాలు మడుచుకున్న సంగతి, కార్డు సంగతి, దాచిన సంగతి, నాలుగు నెలలు మెకానిక్‌ను అలా వదిలేసిన సంగతి. ఆమె బాగా నడిపేదని కూడా చెప్పాను.  చెప్పడం అయిపోయాక నేను తల దించుకుని నిలబడ్డాను, ఏం అన్నా పడదామని.

"ఆయనకు తెలుసా?" అన్నాడు.

నిన్ననే చెప్పానన్నాను.

"నా దగ్గరున్న తిట్లన్నీ ఆయన పడ్డాడు. నిన్ను తిట్టడానికి ఇంకేం మిగల్లేదయ్యా. వెళ్లు" అన్నాడు.

కోపంగా అనలేదు. చాలా అలిసిపోయిన మనిషిలా అన్నాడు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

నేను గుమ్మం దాకా వచ్చాను. లోపలి గది తలుపు దగ్గర నిలబడి అమ్మాయి అంతా వింది.  తండ్రి దగ్గరికి వెళ్లి, విప్పి పెట్టిన మిషను చూస్తూ నిలబడింది.

"అయితే ఆయనింక రారా నాన్నా?" అంది.

 నేను చెప్పులు వేసుకుని మెట్లు దిగాను.